హైదరాబాద్‌లో ఇళ్ల ధరలు తగ్గాలని నిజంగా కోరుకునేవాళ్లు ఎంతమంది?

నిజాంపేట_నివాసి

అందరికీ నమస్కారం. నేను పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో చేస్తాను, మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. ఇద్దరిదీ కలిపి నెలకు డెబ్బై వేలు చేతికొస్తుంది. రెండు గదుల ఫ్లాట్‌కి మెయింటెనెన్సుతో కలిపి పద్దెనిమిది వేలు అద్దె కడుతున్నాం. కొంతకాలంగా సొంతిల్లు చూస్తున్నాం.

ఏ సైట్ ఆఫీసుకి వెళ్లినా మేం అడిగేది ఒకటి, వాళ్లు చెప్పేది ఒకటి. ఎండాకాలం నీళ్లు వస్తాయా, బడి ఎంత దూరం, లిఫ్టుకి జనరేటర్ ఉందా అని మేం అడుగుతాం. "సర్, ఇటు మెట్రో వస్తోంది, మూడేళ్లలో డబులవుతుంది" అంటారు వాళ్లు. నేను ఉండటానికి కొంటున్నాను. డబులైతే నా చెల్లెలు ఎలా కొంటుంది, రేపు నా కూతురు ఎలా కొంటుంది?

అందరికీ ఇల్లుండాలని ప్రతి పార్టీ అంటుంది. ఇళ్ల ధరలు పడిపోతే అదే పార్టీని తిడతాం. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? ఇక్కడ కొన్నవాళ్లు, కొనలేనివాళ్లు ఇద్దరూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

శ్రీను_గచ్చిబౌలి

అన్నా, నాకు రెండు ఫ్లాట్లున్నాయి, కాబట్టి రెండో వైపు మాట నేను చెప్తాను.

నల్లగండ్లలో ఉన్నదాన్ని అద్దెకిచ్చాను. ఇప్పుడు అమ్మితే కోటీ పదిహేను లక్షలు వస్తుంది. అద్దె ముప్పై రెండు వేలు. ఏడాదికి 3.84 లక్షలు, అంటే మూడుంపావు శాతం పైచిలుకు. ఆస్తిపన్ను, రంగులు, మధ్యలో ఖాళీగా ఉన్న నెల తీసేస్తే ఇంకా తక్కువ. దాని మీద ఉన్న లోన్ వడ్డీ ఎనిమిదిన్నర. అద్దె ఒక్కటే చూస్తే ప్రతి నెలా నష్టమే. ధర పెరుగుతుందన్న నమ్మకం మీదే ఈ లెక్క నిలబడుతుంది.

మరి ఎందుకు కొన్నానంటే, నాకు పెన్షన్ లేదు. ఐటీలో నలభై ఐదేళ్లు దాటినవాళ్లని ఎలా చూస్తారో మా ఫ్లోర్‌లోనే చూశాను. మా నాన్నకి ఖమ్మం దగ్గర నాలుగెకరాలుండేవి, ఆయన ముసలితనం దానిమీదే గడిచింది. నాకు ఈ ఫ్లాటే ఉంది. ధరలు ముప్పై శాతం పడితే మీకు ఇల్లు అందుతుందేమో, నా అప్పు మాత్రం ఒక్క రూపాయి తగ్గదు.

పాత_ఫేజు

నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రభుత్వ గృహనిర్మాణ పనులే చూశాను. ఇప్పుడు విశ్రాంతి. కొంచెం వెనక్కి వెళ్తాను.

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ, అదే కేపీహెచ్‌బీలో ఇళ్లకి ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని పేర్లు పెట్టింది కొనేవాళ్ల ఆదాయాన్ని బట్టి. చిన్న గుమస్తాకి ఎల్ఐజీ, కాస్త పై ఉద్యోగికి ఎంఐజీ. వాయిదాల మీద కట్టుకున్నారు. ఊరికి దూరమని తిట్టుకుంటూనే ఆ తరం అక్కడ స్థిరపడింది. ఇప్పుడు అదే ఎల్ఐజీ వీధిలో నడవండి. చిన్న ఇల్లు పడగొట్టి నాలుగైదు అంతస్తులు లేపి, కింద టిఫిన్ సెంటరు, పైన హాస్టలు. ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు కుర్రాళ్లు. తక్కువ ఆదాయం వారి కోసమని ఇచ్చిన స్థలం ఒక్క తరంలోనే ఆదాయం తెచ్చే ఆస్తి అయింది. ఇచ్చినప్పుడు చవక, అమ్మేటప్పుడు మార్కెట్ ధర. ఆ మధ్య తేడా మొదటి కుటుంబానికి మిగిలింది, రెండో కుటుంబానికి చవక ఇల్లు మిగల్లేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇంకొకటి. 2025 ఆగస్టులో కేపీహెచ్‌బీలో మిగిలిన బోర్డు భూమిని వేలం వేస్తే ఎకరం 70 కోట్లకి పోయింది. మధ్యతరగతికి ఇళ్లు కట్టడానికి పుట్టిన సంస్థ భూమి అది. ఆ ధరకి కొన్నవాడు అక్కడ గుమస్తాకి ఇల్లు కట్టలేడు.

సైట్_ఇంజినీర్

పెద్దాయన చెప్పినదానికి లెక్క జోడిస్తాను.

సిమెంటు, స్టీలు, మేస్త్రీ కూలీ కోకాపేటలో అయినా ఘట్‌కేసర్‌లో అయినా దాదాపు ఒకటే. టవర్ ఎత్తు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ అసలు తేడా నేలది. 2023 ఆగస్టులో నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ వేసిన కోకాపేట నియోపోలిస్ లేఅవుట్ వేలంలో అత్యధికంగా ఎకరానికి 100.75 కోట్లు పలికింది. ఎకరం అంటే 4,840 గజాలు, అంటే గజం రెండు లక్షలు పైన. ఆ ఎకరంలో నాలుగు లక్షల చదరపు అడుగులు లేపారనుకుందాం. అప్పటికీ అడుగుకి 2,500 రూపాయలు నేల ధరే. వెయ్యి అడుగుల ఫ్లాట్‌లో పాతిక లక్షలు, ఇంకా ఒక్క పిల్లర్ కూడా పోయకముందే. తర్వాత నిర్మాణం, అనుమతుల ఫీజులు, ఫైనాన్షియర్ వడ్డీ, బిల్డర్ లాభం.

2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకి పోయింది. ఇలాంటి వేలం జరిగిన మర్నాడు పక్క గ్రామాల్లో కూడా రైతు రేటు మార్చేస్తాడు. డెవలప్‌మెంట్‌కి ఇచ్చే స్థలాల్లో యజమాని వాటా పెంచమంటాడు. ఒక వేలం ధర పది కిలోమీటర్ల అవతలి ఫ్లాట్ ధరలో కనిపిస్తుంది. ఖజానాకి వచ్చిన డబ్బు పథకాలకి వాడుతారు, కాదనను. అయితే ధరలు పెరగాలని కోరుకునేవాళ్ల జాబితాలో శ్రీను గారి కంటే ముందు ప్రభుత్వం పేరు రాయాలి.

కొల్లూరు_బ్లాక్

అన్నలందరికి దండాలు. మా అమ్మకు కొల్లూరుల సర్కారు డబుల్ బెడ్రూం ఇల్లు వచ్చింది, లాటరీల. 2023 జూన్‌ల ఓపెన్ చేసిన్రు కదా, 15,660 ఇండ్లు ఒక్కదగ్గరనే. ఇల్లు మంచిగున్నది, అబద్ధం చెప్ప. 560 అడుగులు, రెండు బెడ్రూములు, హాలు, వంటిల్లు. బస్తీల మేము రేకుల రూముల ఉంటుంటిమి, వానొస్తే గిన్నెలు పెట్టుకునేటోళ్లం.

గని మా అమ్మ ఇండ్లల్ల పని చేస్తది, బంజారాహిల్స్‌ల. పొద్దుగాల ఏడింటికి మొదటి ఇంట్ల ఉండాలె. కొల్లూరు నుంచి రెండు బండ్లు మారాలె. నాలుగు ఇండ్ల పని ఉండె, ఇప్పుడు రెండే చేస్తుంది. జీతం సగమైంది, ఛార్జీలు పెరిగినయి. మా ఫ్లోర్‌ల కొందరు తాళమేసి మళ్ల బస్తీలకే కిరాయికి పోయిన్రు. కొందరు ఇక్కడిది కిరాయికిచ్చిన్రు. రూల్ ప్రకారం తప్పే, తెలుసు. కడుపు నిండాలె కదా.

ఇంకోటి. వారానికొకడు వస్తడు, "అమ్ముతవా, నోటరీ మీద రాసుకుందాం" అని. చుట్టూ కోట్ల విల్లాలు, టవర్లు. మాకిచ్చింది ఉండనీకి. బయటోళ్లకు మాత్రం మా ఇంట్ల గజం రేటే కనవడుతది.

నిజాంపేట_నివాసి

తమ్ముడూ, రాసినందుకు చాలా థాంక్స్. ఇల్లు దొరికితే సమస్య తీరిపోయినట్టే అనుకునేవాణ్ని. పని ఎక్కడుందో అక్కడ ఇల్లు లేకపోతే ఎలా ఉంటుందో నీ మాటలతో తెలిసింది.

బెజవాడ_రామవరప్పాడు

ఇటు పక్క కూడా అంతేనండీ. పట్టణ పేదల కోసం ప్రభుత్వం టిడ్కో ఇళ్లు 300, 365, 430 అడుగులని మూడు రకాలు కట్టింది. గోడలు గట్టివి, అందులో వంక లేదు. ప్రభుత్వాలు మారే కొద్దీ లబ్ధిదారుల చేతికి రావడం ఏళ్లకేళ్లు సాగింది. ఈలోపు జనం అద్దెలూ కట్టారు, ఆ ఇళ్ల అప్పులకి బ్యాంకు నోటీసులూ అందుకున్నారు. మరోపక్క పట్టణాల్లో ఒక్కో సెంటు చొప్పున స్థలాలిచ్చారు. సెంటంటే 48 గజాలు పైచిలుకు. ఊరికి దూరంగా, చాలాచోట్ల పల్లపు నేలలో.

దగ్గర్లో చవక నేల లేదు, చవక నేల ఉన్నచోట పని లేదు. అమరావతి పేరు చెప్పి గుంటూరు, విజయవాడ మధ్య గజాల రేట్లు లేచాయి, మళ్లీ పడ్డాయి, మళ్లీ లేచాయి. ఆ లేచి పడే మధ్యలో కొన్నవాళ్లు కొందరు మా వీధిలోనే ఉన్నారు. వాళ్లు ధర తగ్గాలనరు, మా పనమ్మాయి పెరగాలనదు.

డాలస్_నుంచి

నేను షాద్‌నగర్ అవతల రెండు ప్లాట్లు కొన్నాను, అమ్మానాన్నల పేరుమీద. పోయిన సంక్రాంతికి వెళ్లి చూశాను. పెద్ద ఆర్చి, బీటీ రోడ్డు, వీధి దీపాలు, రాళ్లు పాతిన వందల ప్లాట్లు, మోకాళ్ల దాకా గడ్డి. ఒక్క ఇల్లు లేదు. కాపలా అతను చెప్పాడు, ఓనర్లలో ఎక్కువమంది మాలాగే బయట ఉంటారట.

ఇక్కడ టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఇంటిమీద మాత్రం ఏటా విలువలో రెండు శాతం దాకా పన్ను పడుతుంది. ప్రతి మేలో మా తెలుగువాళ్ల గ్రూపుల నిండా ఒకటే గొడవ: కౌంటీవాళ్లు మన ఇంటి విలువ ఎక్కువ వేశారు, తగ్గించమని అర్జీ ఎలా పెట్టాలి అని. సొంతిల్లు విలువ తగ్గించమని అడిగే మనుషుల్ని ఇక్కడే చూశాను. ఖాళీగా పెట్టుకుంటే ఏటేటా జేబుకి తెలుస్తుంది. షాద్‌నగర్ ప్లాట్లకి నేను ఏటా చెల్లిస్తున్నది దాదాపు సున్నా. ఇంకో పదేళ్లు గడ్డి పెరిగినా నన్నెవరూ అడగరు. అడగాలని నాకిప్పుడు అనిపిస్తోంది.

శ్రీను_గచ్చిబౌలి

> ఖాళీగా పెట్టుకుంటే ఏటేటా జేబుకి తెలుస్తుంది

ఖాళీ స్థలాల మీద పన్ను వేయండి, నేను ఒప్పుకుంటాను. అద్దెకిచ్చిన ఫ్లాటుని, పాతిన రాళ్లని ఒకే గాటన కట్టొద్దు. నా ఫ్లాట్‌లో ఒక కుటుంబం ఉంటోంది. నాలాంటివాళ్లు కొనకపోతే వాళ్లు అద్దెకి ఎక్కడుంటారు?

అమీర్‌పేట_అనూష

శ్రీను గారి ప్రశ్న సరైనదే. ఆ అద్దె ఎలా ఉంటుందో ఉంటున్నదాన్ని కాబట్టి నేను చెప్తాను.

అగ్రిమెంటు పదకొండు నెలలు. పన్నెండో నెల వచ్చేసరికి ఓనర్ గారు "మార్కెట్ పెరిగిందమ్మా" అంటారు. ఒంటరి ఆడపిల్ల అంటే వంద ప్రశ్నలు: ఏం తింటారు, ఎవరొస్తారు, ఎన్నింటికి వస్తారు, ఇంటిపేరు ఏంటి. ఇంటిపేరు ఎందుకడుగుతారో అందరికీ తెలుసు. టులెట్ బోర్డు ఉన్న ఇల్లు ఫోన్‌లో అడిగితే ఖాళీగానే ఉంటుంది, నేను గేటు దగ్గరికి వెళ్లేసరికి "ఇప్పుడే ఇచ్చేశామమ్మా" అవుతుంది.

మన దేశంలో ఇంటి గురించి మాట్లాడితే కొనడమే. 2017-18 ఆర్థిక సర్వేలో ఉంది: 1961లో పట్టణాల్లో 54 శాతం ఇళ్లు అద్దెవి, 2011కి అది 28 శాతానికి పడింది. అదే 2011 జనాభా లెక్కల్లో పట్టణాల్లో కోటీ పదకొండు లక్షల ఇళ్లు ఖాళీగా తాళాలేసి ఉన్నాయి. మరుసటి ఏడాదే కేంద్రం వేసిన నిపుణుల బృందం పట్టణాల్లో 1.88 కోట్ల ఇళ్ల కొరత ఉందని చెప్పింది. ఆ కొరతలో తొంభై ఐదు శాతం పేద, అల్పాదాయ కుటుంబాలదే. తాళాలు వేసినవి ఒక రకం ఇళ్లు, కావలసినవి ఇంకో రకం. ఓనర్లు అద్దెకివ్వడానికి ఎందుకు భయపడుతున్నారంటే, ఖాళీ చేయరేమోనని. మేం ఎందుకు అప్పుచేసి కొంటున్నామంటే, ఎప్పుడు ఖాళీ చేయమంటారోనని. ఐదేళ్ల అగ్రిమెంటు, ఏడాదికి ఇంతే పెంపు అని రాసుకుని, గొడవొస్తే మూడు నెలల్లో తేల్చే చోటు ఒకటి ఉంటే నేను కొనను. నిజంగా కొనను.

సింగపూర్_తెలుగు

అనూష గారూ, ఇక్కడి పద్ధతి కొంచెం వేరు. జనంలో నూటికి డెబ్బై ఐదు మందికి పైగా ప్రభుత్వం కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్లలోనే ఉంటారు. సొంతమే గాని 99 ఏళ్ల లీజు. కొన్న ఐదేళ్ల దాకా అమ్మకూడదు. ఇక్కడ కూడా పాత_ఫేజు గారు చెప్పిన జబ్బే వచ్చింది: సబ్సిడీలో కొని ఐదేళ్లకి లాభానికి అమ్ముకోవడం. అందుకని 2024 అక్టోబరు నుంచి మంచి చోట్ల కట్టేవాటికి షరతులు బిగించారు. పదేళ్లు ఉండాలి. అమ్మినప్పుడు ధరలో కొంత భాగం ప్రభుత్వానికి తిరిగి కట్టాలి. మొత్తం ఫ్లాటు అద్దెకివ్వడం ఎప్పటికీ కుదరదు. రెండోసారి కొనేవాళ్లకీ ఆదాయ పరిమితి ఉంది. ఈ చివరిదే ముఖ్యం. మొదటివాడికే కాదు, తర్వాతివాడికీ అందేలా చూస్తున్నారు.

భూమిలో అత్యధిక భాగం ప్రభుత్వానిదే కాబట్టి సాగుతోంది అనేది కూడా నిజం.

పాత_ఫేజు

మనకీ కొంత సర్కారు భూమి ఉండేది. అమ్ముకున్నాక ఈ మాట మిగిలింది.

సింగపూర్ తమ్ముడు చెప్పిన షరతు ఇక్కడ పెట్టొచ్చు. బోర్డు భూమిని అమ్మకుండా అట్టేపెట్టి, ఫ్లాటు మాత్రమే అమ్మాలి. తిరిగి అమ్మాలనుకుంటే బోర్డుకే అమ్మాలి, పెట్టిన డబ్బుకి ద్రవ్యోల్బణం కలిపి ఇస్తారు. లాభం ఉండదు, నష్టమూ ఉండదు. అలాంటివి మియాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్ మెట్రో స్టేషన్ల చుట్టూ ఉంటే చాలు, కొల్లూరు వాళ్లమ్మలాంటివాళ్లు నాలుగిళ్ల పని వదులుకోనక్కర్లేదు.

సైట్_ఇంజినీర్

సర్, ఒక్కటి ఒప్పుకోను. ధరలన్నీ వేలాల వల్లే, మదుపరుల వల్లే అంటే సరిపోదు. హైదరాబాద్‌లో 2006లోనే ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న హద్దు, ఎత్తేశారు. రోడ్డు వెడల్పుని బట్టి ఎంత ఎత్తయినా కట్టుకోవచ్చు. దానికితోడు ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. చాలాఏళ్లు ముంబై, బెంగళూరు కంటే ఇక్కడ ఇల్లు చవకగా దొరకడానికి ఆ రెండూ కారణం. కట్టనివ్వడం ఆపితే ఇంకా పెరుగుతాయి.

ఇప్పుడు వచ్చిన మార్పు ఏమిటంటే, కట్టేవన్నీ పెద్దవే. రెండు వేల అడుగులు, మూడు వేల అడుగులు, క్లబ్ హౌసు, ఈతకొలను. ఆరువందల అడుగుల ఫ్లాటు కట్టండి అంటే బిల్డర్ నవ్వుతాడు. ఆ నేల ధరకి అది గిట్టదు. మదుపు కోసం కొనేవాడికీ పెద్దదే కావాలి.

లోన్_డెస్క్

బ్యాంకులో గృహరుణాలు చూస్తాను. కాగితం మీద అందుబాటు ఇల్లంటే ఏమిటో చెప్తాను. జీఎస్టీలో 2019 ఏప్రిల్ నుంచి ఉన్న నిర్వచనం ప్రకారం ధర 45 లక్షలు మించకూడదు. హైదరాబాద్ లాంటి మహానగరాల్లో కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్లు, అంటే 646 అడుగులు దాటకూడదు. అలాంటిదానికి ఒక శాతం, మిగతావాటికి ఐదు శాతం. ఏళ్లు గడిచాయి, నేల ధర ఎక్కడికో పోయింది, నలభై ఐదు అక్కడే ఉంది. నా టేబుల్ మీదకి ఆ ఒక శాతం జీఎస్టీ పడే ఇళ్ల ఫైళ్లు రావడం బాగా తగ్గింది.

నిజాంపేట గారి లెక్కకొస్తాను. 45 లక్షల ఇల్లు అనుకుందాం. ముప్పై లక్షలు దాటి 75 దాకా అప్పు తీసుకుంటే రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం విలువలో 80 శాతమే ఇవ్వగలం. అంటే 36 లక్షలు. తొమ్మిది మీరు తేవాలి. రిజిస్ట్రేషన్ ఏడున్నర శాతం, 3.37 లక్షలు, అది లోన్‌లో కలవదు. లాయరు, ప్రాసెసింగ్, కప్‌బోర్డులు వేరే. పదిహేను లక్షలు చేతిలో ఉంటేనే ఈ మాట. ఇరవై ఏళ్లకి ఎనిమిదిన్నర శాతం వడ్డీ అనుకుంటే నెలకి 31,242 ఇఎంఐ. డెబ్బై వేల జీతానికి బ్యాంకు ఒప్పుకుంటుంది. మీ అమ్మాయి ఫీజు, ఒక ఆసుపత్రి ఖర్చు కలిస్తే ఇల్లు ఎలా నడుస్తుందో మాత్రం మీరే ఆలోచించుకోవాలి.

ఉప్పల్_బాధితుడు

ఆ పదిహేను లక్షలు లేకే నాలాంటివాళ్లు ప్రీలాంచ్‌కి, అంటే అనుమతులు రాకముందే అమ్మేవాటికి పోయారు. "మొత్తం డబ్బు ముందే కట్టండి, సగం ధరకే ఫ్లాటు, యూడీఎస్ (విడదీయని నేల వాటా) రిజిస్ట్రేషన్ చేస్తాం" అన్నారు. అనుమతులు రాలేదు, పునాది లేదు. మా ఆవిడ నగలు, తమ్ముడి దగ్గర అప్పు అందులో ఉన్నాయి. కేసు నడుస్తోంది కాబట్టి పేరు చెప్పను.

రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడమే నేరం. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతం మించి తీసుకోకూడదు. ఈ రెండు ముక్కలు తెలిసినవాళ్లు తెలియనివాళ్లకి చెప్పండి. ధర పరుగెడుతోంది, ఇప్పుడు కొనకపోతే ఎప్పటికీ కొనలేవు అన్న భయమే మమ్మల్ని ఆ ఆఫీసు మెట్లెక్కించింది.

నిర్వాహకులు

పైన ఇద్దరు ఏజెంట్లు ఫోన్ నంబర్లతో పెట్టిన పోస్టులు తీసేశాం. ఇక్కడ వెంచర్ల ప్రచారం వద్దు.

శ్రీను_గచ్చిబౌలి

అందరివీ చదివాను. నేను కోరుకునేది ధర రెట్టింపు కావాలని కాదు, నా ముసలితనానికి ఒక దారి. అది వేరే చోట దొరికితే ఫ్లాటు మీద ఇంత ఆశ పెట్టుకోను. ప్రైవేటు ఉద్యోగికి నమ్మదగ్గ పెన్షన్ లేనంతకాలం మధ్యతరగతి మొత్తం ఇటుకల్లోనే డబ్బు పెడుతుంది. పన్ను రాయితీలు కూడా అటే తోస్తాయి. ఇల్లమ్మిన లాభంతో ఇంకో ఇల్లు కొంటే పన్ను మినహాయింపు ఉంది. దాన్ని పెన్షన్‌లో పెడితే అలాంటిది లేదు.

అనూష గారూ, మా అద్దెదారు కుటుంబంతో ఈసారి మూడేళ్లకి రాసుకుంటాను, ఏడాదికి ఐదు శాతం పెంపు అని. అది నా చేతిలో పని.

అమీర్‌పేట_అనూష

మూడేళ్లయితే రిజిస్టర్ చేయించండి శ్రీను గారూ. అలాంటి అగ్రిమెంటు రిజిస్టర్ కాకపోతే అందులోని షరతులు కోర్టులో మీకూ నిలబడవు, వాళ్లకీ నిలబడవు.

కొల్లూరు_బ్లాక్

పెద్దసారు చెప్పిన మెట్రో పక్కన ఇండ్లు కడితే మా అమ్మ కొల్లూరు ఇల్లు వాపసిచ్చి అటే వస్తనంటుంది. చిన్నదైనా పర్వాలేదంట.

నిజాంపేట_నివాసి

లోన్_డెస్క్ గారూ, ఒక్క సందేహం. కొత్త ప్రధానమంత్రి ఆవాస్ యోజన వడ్డీ రాయితీ మాకు వర్తిస్తుందా? మా నాన్న పేరుమీద ఊళ్లో పెంకుటిల్లు ఉంది, దానివల్ల పోతుందని ఒక ఏజెంటు అన్నాడు.

లోన్_డెస్క్

పోదు. ఆ పథకంలో కుటుంబమంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. మీ నాన్నగారి ఇల్లు లెక్కలోకి రాదు. మీ ఇద్దరి పేర్లమీద దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. ఏడాది ఆదాయం తొమ్మిది లక్షల లోపు, చేతికొచ్చే లెక్కన మీది 8.4 అవుతుంది, సరిపోతుంది. అయితే ఇంటి విలువ 35 లక్షలు, అప్పు 25 లక్షలు దాటకూడదు. రాయితీ గరిష్ఠంగా 1.80 లక్షలు, ఐదు వార్షిక వాయిదాల్లో వేస్తారు. అమీన్‌పూర్, బీరంగూడ వైపు, ఇటు ఘట్‌కేసర్ వైపు పాత ఫ్లాట్లలో ఆ ధరకి చూడండి. ఏదైనా నచ్చితే అడ్వాన్సు ఇవ్వకముందే లింకు డాక్యుమెంట్లు, భవనం అనుమతి ప్లాను, ఆస్తిమీద పాత లావాదేవీలు చూపే ఈసీ తీసుకుని మీ దగ్గర్లోని ఏ బ్యాంకు శాఖకైనా వెళ్లండి. లీగల్ ఒపీనియన్ వచ్చాకే టోకెన్ ఇవ్వండి.